ఐదేళ్ల గుర్రంతో అఫిలియేటెడ్ డ్రెస్సాజ్: మొదటి సీజన్ ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి

డ్రెస్సాజ్ అంటే నిర్ణీత కదలికలను గుర్రం చేత చేయించి, ఒక్కోదానికి మార్కులు వేసే పోటీ. మీ ప్రశ్న సారాంశం ఇదీ: బ్రిటన్‌లో ఉంటున్నారు, ఐదేళ్ల గెల్డింగు (వృషణాలు తీసిన మగ గుర్రం) ఉంది. దగ్గర్లో జరిగే అన్‌అఫిలియేటెడ్ (జాతీయ సంస్థ కింద లేని) పోటీల్లో ప్రిలిమ్ (ఆరంభ స్థాయి) టెస్టులు చేసి 64 నుంచి 67 శాతం తెచ్చుకుంది. ఇంటి దగ్గర నోవిస్ (ప్రిలిమ్‌కు పై మెట్టు) పనంతా చేస్తోంది గానీ కొత్త చోట వార్మప్‌లో బిగుసుకుపోతోంది. బ్రిటిష్ డ్రెస్సాజ్‌లో (అఫిలియేటెడ్ పోటీలు నడిపే జాతీయ సంస్థలో) ఇప్పుడే చేరాలా, నేరుగా నోవిస్‌లోకి దిగవచ్చా, యంగ్ హార్స్ క్లాసులకు (కుర్ర గుర్రాలకు విడిగా జరిపే పోటీలకు) వెళ్లాలా అని అడిగారు.

ఇప్పుడే చేరండి, ప్రిలిమ్‌లోనే దిగండి. నోవిస్ సంగతి మార్కుల షీట్లు నాలుగైదు చేతికొచ్చాక చూడవచ్చు. యంగ్ హార్స్ క్లాసుల గురించి చివర్లో చెబుతాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. గుర్రం విషయంలో ఇంట్లో గెలిచినది రచ్చలో సగమే కనబడుతుంది. తెలియని చోట, తెలియని గుర్రాల మధ్య దాని దృష్టి రౌతు మీద ఉండదు. అందుకే మొదటి సీజన్‌లో ఇంట్లో చేసే స్థాయికి ఒక మెట్టు కింద పోటీ చేయించాలి. టెస్టులో అడిగేది గుర్రానికి బాగా తేలిక అయినప్పుడే, మిగిలిన ఓపికతో అది ఆ పరిసరాలకు అలవాటు పడుతుంది. మొదటి ఆరేడు పోటీల్లో మీరు దానికి నేర్పేది ఒక్కటే: లారీ దిగడం, తిరగడం, పోటీ మైదానం (అరీనా) చుట్టూ ఉండే తెల్ల బోర్డుల మధ్య ఐదు నిమిషాలు పనిచేయడం, ఇంటికి వెళ్లడం మామూలు విషయం అని. శాతం గురించి ఈ దశలో పట్టించుకోకపోవడం మేలు. అన్‌అఫిలియేటెడ్‌లో వచ్చిన 67 ఇక్కడ 62 కావడం మామూలే. అఫిలియేటెడ్ జడ్జీలు శిక్షణ పొంది, పరీక్షలు రాసి, జాబితాలోకి ఎక్కినవాళ్లు. కొలబద్ద బిగువుగా ఉంటుంది. 10కి 6 అంటే సంతృప్తికరం, 7 అంటే ఫరవాలేదు అనిపించేంత బాగుంది అని అర్థం. ఐదేళ్ల గుర్రానికి ఆరులు, ఆరున్నరలు వరసగా పడితే అది మంచి షీటు.

పోటీ ఫారం నింపే ముందు గుర్రం ఒంటి సంగతి చూడాలి. చాలామంది దీన్ని దాటేసి శిక్షణలో లోపం వెతుకుతారు. రెండున్నర ఏళ్ల నుంచి ఐదేళ్ల మధ్య గుర్రానికి 24 పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. నాలుగు, నాలుగున్నర ఏళ్ల గుర్రం హఠాత్తుగా తల ఒక పక్కకు వాల్చినా, బిట్ (నోట్లో ఉండే కళ్లెపు ఇనుము) నములుతూ నోరు తెరిచినా, ఒక వైపు పగ్గం పట్టుకోనివ్వకపోయినా ముందు గుర్రపు దంతవైద్యుణ్ని పిలవండి. సగం ఊడిన పాలపన్ను కొత్త పన్ను మీద టోపీలా కూర్చుని ఉండవచ్చు, వుల్ఫ్ టూత్ (దవడ పళ్ల ముందు మొలిచే చిన్న పన్ను) బిట్‌కు తగులుతూ ఉండవచ్చు. ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి నోరు చూపించడం మంచిది.

జీను సంగతీ అంతే. ఈ వయసులో వీపు, భుజాలు ఒక్క సీజన్‌లోనే ఆకారం మారతాయి. జనవరిలో సరిపోయిన జీను మే నెలకు భుజం ఎముకను నొక్కుతుంది. మూడు నాలుగు నెలలకోసారి సాడిల్ ఫిట్టర్ చూడాలి. ముందుకు కదలడానికి ఇష్టపడని, కాంటర్ (మూడు తాళాల మెల్లని దౌడు) ఎత్తుకునేటప్పుడు తోక విదిల్చే కుర్ర గుర్రాన్ని మొండిది అనే ముందు జీను కింద చెమట మచ్చ రెండు వైపులా ఒకేలా పడుతోందా అని చూడండి. మధ్యలో పొడిగా మిగిలిన చోటు ఉంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ ఉందనో, అసలు తగలడం లేదనో అర్థం.

వారానికి నాలుగైదు రోజుల పని చాలు, ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు. అందులో రెండు రోజులు అరీనా బయటే ఉండాలి: దారి వెంట నడక, వీలైతే ఏటవాలు నేల మీద. ఒక రోజు నేల మీద పరచిన కర్రల మీదుగా ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య ఉండే రెండు తాళాల గతి). రోజూ వలయాలే తిప్పితే కీళ్లకూ మనసుకూ రెండింటికీ చేటు.

ఇక కాగితాలు. మీకు సభ్యత్వం, గుర్రానికి నమోదు, రెండూ కావాలి. పూర్తి సభ్యత్వానికి ముందు రుచి చూడాలంటే తక్కువ ఖర్చులో క్వెస్ట్ లాంటి దారులు ఉన్నాయి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అనే విభాగాల్లో మీది ఏదన్నది ప్రధానంగా రౌతు ఇంతకు ముందు ఏ స్థాయిలో ఏం సాధించారన్న దాన్ని బట్టి తేలుతుంది. పై స్థాయిల్లో పోటీ చేసిన రౌతు కుర్ర గుర్రంతో ప్రిలిమ్‌కు వచ్చినా కొత్తవాళ్లతో కలిపి లెక్కించకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

గుర్రం పాస్‌పోర్టు దానితోపాటే లారీలో ఉండాలి. అది చట్టం కూడా. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుంచి గుర్రాలన్నిటికీ మైక్రోచిప్ తప్పనిసరి. అసలు చిక్కు ఫ్లూ టీకాల దగ్గర వస్తుంది. 2019 ఫిబ్రవరిలో గుర్రపు ఫ్లూ వల్ల బ్రిటన్‌లో రేసులే ఆరు రోజులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఈ విషయంలో ఎవరూ చూసీచూడనట్టు పోవడం లేదు. ప్రాథమిక కోర్సు మూడు సూదులు, ఒక్కోదానికి మధ్య ఎన్ని రోజులుండాలో నిబంధన ఉంది, తర్వాత ఏటా బూస్టర్. బూస్టర్ ఒక్క రోజు ఆలస్యమైనా కోర్సు మొదటికి వస్తుంది. సూది వేసిన ఏడు రోజుల్లోపు పోటీ కుదరదు. మీ గుర్రాన్ని మూడేళ్ల వయసులో కొని ఉంటే పాత యజమాని వేయించిన మొదటి రెండు సూదుల తేదీలు లెక్కపెట్టి చూడండి. తప్పులు సాధారణంగా అక్కడే దొరుకుతాయి, అదీ పోటీ రోజు పొద్దున స్టీవార్డు (నిబంధనలు చూసే పోటీ అధికారి) చేతిలో. ఈ ఏడాది నిబంధనల పుస్తకం తెరిచి, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఇంట్లోనే సరిచూసుకుంటే పది నిమిషాల పని.

మేత విషయంలో ఒక జాగ్రత్త. డోపింగ్ పరీక్ష ఏ స్థాయిలోనైనా జరగవచ్చు. సంచి మీద బీటా నాప్స్ గుర్తు ఉన్న దాణా, సప్లిమెంట్లే వాడండి. సహజంగానే మొక్కల్లో ఉండే నిషిద్ధ పదార్థాలు, అంటే కెఫీన్, గసాల మొక్క నుంచి వచ్చే మార్ఫిన్ లాంటివి, దాణాలో కలవకుండా చూసే పద్ధతికి అది గుర్తు. కాఫీ కప్పు పట్టుకున్న చేత్తో గుర్రానికి బిస్కెట్టు తినిపించే అలవాటు ఉంటే మానండి. బ్యూట్ లాంటి నొప్పి మందు ఇచ్చి ఉంటే ఎన్నాళ్లు ఆగాలో వైద్యుణ్ని అడగందే ఎంట్రీ పంపవద్దు.

లారీ, ట్రెయిలర్ గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. బ్రిటన్‌లో స్థిరపడ్డాక ఇండియా లైసెన్సు 12 నెలలే చెల్లుతుంది. గుర్రంతో రోడ్డెక్కే ముందు బ్రిటిష్ లైసెన్సు చేతిలో ఉండాలి. బీమా కంపెనీ మొదట అడిగేది అదే.

సామాను దగ్గర మార్కులు పోగొట్టుకోవడం అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే అది పూర్తిగా మన చేతిలోదే. ప్రిలిమ్, నోవిస్‌లలో స్నాఫిల్ (ఒకే బిట్ ఉన్న మామూలు) కళ్లెం మాత్రమే. మీ బిట్ అనుమతించిన బొమ్మల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. దుకాణంవాడు సరే అన్నంత మాత్రాన చాలదు. మార్టింగేల్ (గుర్రం తల పైకెత్తకుండా ఆపే పట్టీ) కుదరదు. కాళ్లకు కట్టిన బూట్లు, బ్యాండేజీలు వార్మప్‌లో ఉండవచ్చు గానీ, వాటితో టెస్టు అరీనాలోకి వెళితే ఎలిమినేషన్ (పోటీ నుంచి తొలగింపు). ఒక మనిషికి ఈ పని అప్పగించండి: అరీనాలోకి వెళ్లే ముందు నాలుగు కాళ్లూ తడిమి చూడడం. ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అదీ ముక్కు ఎముక మీద, పక్కన కాదు. రౌతుకు చేతి తొడుగులు తప్పనిసరి. టోపీ మీద పీఏఎస్ 015, వీజీ1, ఏఎస్‌టీఎం ఎఫ్1163 లాంటి ఆమోదిత ప్రమాణం ముద్ర ఉండాలి. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చౌకగా వచ్చిందని తెచ్చుకున్న టోపీకి ఆ ముద్ర లేకపోతే అది ఇక్కడ పనికిరాదు. జూలు అల్లడం తప్పనిసరి కాదు. అల్లేటప్పుడు గుర్రం చిరాకు పడుతుంటే మొదటి రెండు పోటీలకు వదిలేయండి, జడ్జి దానికి మార్కులు కోయరు.

టెస్టు ఎంపిక దగ్గర కొంత ఆలోచించాలి. ప్రిలిమ్ టెస్టులు కొన్ని 20×40 మీటర్ల అరీనాకు, కొన్ని 20×60కి రాసినవి. చిన్న అరీనా తేలిక అనుకుంటారు. పొడుగు అంగ వేసే, ఇంకా బ్యాలెన్స్ కుదరని గుర్రానికి నిజానికి పెద్దదే మేలు. మూల తర్వాత మూల తరుముకు రాదు, రెండు కదలికల మధ్య సర్దుకోవడానికి నిటారు గీత దొరుకుతుంది. ఒకే రోజు రెండు టెస్టులు, రెండూ ప్రిలిమే, మధ్య కనీసం 40 నిమిషాల విరామం ఉండేలా ఎంట్రీ పంపండి. మొదటి టెస్టులో చుట్టూ చూసిన గుర్రం రెండోదాంట్లో పనిచేస్తుంది. పొద్దున ప్రిలిమ్, మధ్యాహ్నం నోవిస్ అని పెట్టుకుంటే గుర్రం అలిసే వేళకు కష్టమైనది అడిగినట్టవుతుంది.

ఇప్పుడు మార్కుల అసలు ఖజానా దగ్గరికి వద్దాం. ప్రిలిమ్ స్థాయిలో గుర్రం నడక అందాన్ని మీరు మార్చలేరు. గీతలు, వలయాలు మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉన్నాయి. అరీనాలో చోట్లను అక్షరాలతో గుర్తిస్తారు: లోపలికి వచ్చే చివర ఏ, ఎదుటి చివర జడ్జి దగ్గర సి, పొడుగు పక్కల మీద కె, ఇ, ఎఫ్, బి లాంటివి, నడి గీత మీద ఎల్, ఎక్స్, ఐ. ముందు కొలతలు నోటికి రావాలి. 20×40లో పొడుగు పక్క అక్షరాలు మూల నుంచి 6 మీటర్ల దగ్గర ఉంటాయి, అక్కడి నుంచి నడిమి అక్షరానికి 14 మీటర్లు. 20×60లో మూల నుంచి 6, ఆ తర్వాత ప్రతి 12 మీటర్లకు ఒకటి.

‘ఏ’ అక్షరం దగ్గర 20 మీటర్ల అడ్డుకొలత వలయం అంటే అది నాలుగు చోట్ల తాకాలి. ఒకటి ‘ఏ’ అక్షరం. రెండోది పక్క గోడ మీద మూల నుంచి 10 మీటర్ల దగ్గర, అంటే కె అక్షరం దాటాక ఇంకో 4 మీటర్లకు. మూడోది నడి గీత మీద ఏ నుంచి 20 మీటర్లు. నాలుగోది అవతలి గోడ మీద, ఎఫ్ దాటిన 4 మీటర్ల చోటు. రౌతులు చేసే తప్పు కె దగ్గరే గోడకు అంటుకోవడం, దానికి ముందు మూలలోకి దూరిపోవడం. వలయంలో మూలలు ఉండవు. 20×40లో ఆ మూడో చోటు సరిగ్గా ఎక్స్. పెద్ద అరీనాలో అది ఎల్ దాటిన 2 మీటర్లకే వస్తుంది. అలవాటుకొద్దీ ఎక్స్ దాకా వెళ్తే అది 30 మీటర్ల కోడిగుడ్డు అవుతుంది, గుర్రం ఎంత బాగా నడిచినా 5 దాటదు. పెద్ద అరీనాలో ఇ లేదా బి దగ్గర వలయమైతే నడి గీతను ఎల్, ఐ అక్షరాల కన్నా 2 మీటర్లు లోపలే దాటాలి.

దీన్ని ఇంట్లో సరిచేయడానికి నాలుగు చిన్న కోన్లు, ఒక కొలత టేపు చాలు. వలయం చుట్టుకొలత సుమారు 63 మీటర్లు, పావు వంతు దాదాపు 16. వర్కింగ్ ట్రాట్‌లో గుర్రం ఒక అంగకు రెండున్నర మీటర్ల దాకా వెళుతుంది కాబట్టి పావుకు ఆరు అంగలు పడతాయి. లెక్కపెడుతూ తిరగండి. 6, 6, 6, 6 వస్తే వలయం గుండ్రంగా ఉన్నట్టు. 5, 8, 6, 7 వచ్చిందంటే ఎక్కడ భుజం బయటికి జారిందో, ఎక్కడ లోపలికి పడిందో ఆ అంకెలే చెబుతాయి. బయటికి జారేది సాధారణంగా గేటు ఉన్న వైపు. దానికి మందు లోపలి పగ్గం లాగడం కాదు, బయటి పగ్గం, బయటి మోకాలు ముందుగానే చెప్పడం.

మూలలు కూడా అంతే. కుర్ర గుర్రానికి మూలను 10 మీటర్ల వలయంలో పావు ముక్కలా తిప్పితే చాలు. అంటే మూలకు 5 మీటర్ల ముందు గోడ వదిలి, తర్వాతి అక్షరానికి ఒక మీటరు ముందే నిటారుగా ఉండాలి. ఇంకా లోతుగా తోస్తే ట్రాట్ లయ తప్పుతుంది, ఆ తర్వాతి కదలికకు కూడా మార్కు పోతుంది.

నడి గీత ప్రతి టెస్టులోనూ కనీసం రెండుసార్లు వస్తుంది, దానిమీద నడపడం సాధన చేసేవాళ్లు మాత్రం తక్కువ. రహస్యం ఏమీ లేదు, వేగం తగ్గించవద్దు. నెమ్మదిగా వెళ్లే గుర్రం సైకిల్‌లాగే ఊగిసలాడుతుంది. చూపు జడ్జి తల మీదుగా దూరంగా ఉంచండి. ప్రిలిమ్‌లో ట్రాట్ నుంచి ఆగడానికి మధ్యలో రెండు మూడు అంగలు వాక్ (మామూలు నడక) అనుమతిస్తారు. ఆ వెసులుబాటు వాడుకోండి. చదరంగా నిలబడకపోయినా కదలకుండా, గీత మీద నిటారుగా నిలబడితే మంచి మార్కే వస్తుంది. ఒక వెనక కాలు వెనకబడిందని తోసి సరిచేయబోతే గుర్రం పక్కకు జరిగి రెండూ పోతాయి.

‘ఏ, ఎఫ్ మధ్య కాంటర్’ అని టెస్టు షీటులో ఉంటే ఆ ముక్కంతా మీదే. మూలలోని వంపు గుర్రానికి సరైన కాలుతో (లోపలి వైపు కాలు ముందు పడేలా) ఎత్తుకోవడానికి సాయపడుతుంది కాబట్టి మూలలోకి దిగిన మరుక్షణం అడగండి. ‘ఎఫ్ దగ్గర’ అని ఉంటే మాత్రం మీ శరీరం ఎఫ్‌కు ఎదురుగా వచ్చినప్పుడు మారాలి. తప్పు కాలుతో ఎత్తుకుంటే రెండు మూడు అంగల్లో ట్రాట్‌కు తెచ్చి మళ్లీ అడగండి. చూడనట్టు వలయమంతా అలాగే తిరిగితే ఆ కదలికలన్నీ నాలుగుల్లోకి జారతాయి.

ఫ్రీ వాక్‌కు (పగ్గం వదులు చేసి నడిపించే నడకకు) చాలా టెస్టుల్లో రెట్టింపు మార్కులు. కుర్ర గుర్రాలు ఎక్కువ పోగొట్టుకునేది, తేలిగ్గా సంపాదించగలిగేది కూడా ఇక్కడే. చిన్న అరీనాలో ఒక మూల పక్క అక్షరం నుంచి ఎదుటి మూల పక్క అక్షరానికి ఏటవాలు గీత సుమారు 34 మీటర్లు, అంటే వాక్‌లో ఇరవై అంగలు. మెడ ముందుకు, కిందికి చాచి, వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడాలి. పగ్గం ఒక్కసారి వదిలేస్తే గుర్రం తల పైకెత్తి చుట్టూ చూస్తుంది. వేళ్ల మధ్య నుంచి అంగుళం అంగుళం జారనివ్వండి, అది అడిగి తీసుకున్నట్టు ఉండాలి. పగ్గం తిరిగి తీసుకునేటప్పుడే అసలు ప్రమాదం. ఇప్పుడు ట్రాట్ వస్తుందని గుర్రానికి తెలుసు, జాగ్ (నడక వదిలి చిన్న చిన్న ట్రాట్ అడుగులు) మొదలుపెడుతుంది. ఇంట్లో పగ్గం తీసుకున్న పదిసార్లలో ఎనిమిదిసార్లు ట్రాట్ అడగకుండా మళ్లీ వదిలేయండి. నెల రోజుల్లో ఆ ఊహ పోతుంది. వాక్ నాలుగు తాళాలు స్పష్టంగా వినబడాలి. ఒకే పక్క కాళ్లు రెండూ జంటగా కదలడం మొదలైతే అది ఆదుర్దా వల్లే. అప్పుడు ముందుకు తోయడం కాదు, కాస్త పక్కకు వంచి మెడ వదులు చేయడం పనిచేస్తుంది.

వార్మప్‌లో బిగుసుకుపోతుందన్నారు కదా, దానికి ముందు పొట్ట చూడాలి. ఖాళీ కడుపుతో ప్రయాణం చేసి, ఖాళీ కడుపుతో ట్రాట్ చేసే గుర్రానికి పొట్టలోని ఆమ్లం పై గోడకు ఎగజిమ్ముతుంది. దారంతా ఎండుగడ్డి అందుబాటులో ఉంచండి. జీను వేసే ఇరవై నిమిషాల ముందు ఒకటి రెండు గుప్పెళ్ల తరిగిన గడ్డి పెట్టండి. పోటీకి గంటన్నర ముందు చేరండి. దింపి, నంబరు పెట్టి, పావుగంట చేత్తో పట్టుకుని తిప్పండి. నంబరు గుర్రం లారీ దిగినప్పటి నుంచి ఉండాలి. తప్పించుకుంటే ఎవరి గుర్రమో తెలియాలి కదా.

ఆ తర్వాత ఎక్కి సుమారు 30 నిమిషాలు. మొదటి పది నిమిషాలు వాక్ మాత్రమే, వంపులు మారుస్తూ. తర్వాత ట్రాట్, రెండు వైపులా కాంటర్ చెరొక మూడు నాలుగు నిమిషాలు, మళ్లీ ఐదు నిమిషాల వాక్, చివరి ఐదు నిమిషాలు ట్రాట్-వాక్-ట్రాట్ మార్పులు. బిగుసుకున్న గుర్రాన్ని అలసట వచ్చేదాకా పరిగెత్తించి దారికి తేవాలని చూడడం పెద్ద తప్పు. అలిసిన ఐదేళ్ల గుర్రానికి బ్యాలెన్స్ ఉండదు, టెస్టులో కాంటర్ నాలుగు తాళాలకు విరిగి ట్రాట్‌లోకి పడిపోతుంది. వేగం కాదు, మార్పులు పెంచండి. ఏడెనిమిది అంగలకోసారి ఏదో ఒకటి అడిగితే దాని చెవి మీ వైపు తిరుగుతుంది. నిర్వాహకులు చోటు కేటాయించి ఉంటే ఎక్కే ముందు పది నిమిషాలు లంజ్ చేయడం (పొడుగు తాడు పట్టుకుని చుట్టూ తిప్పడం) కూడా మంచిదే.

వార్మప్ మర్యాద: ఎదురొచ్చే గుర్రాన్ని ఎడమ చేతికి ఎడమ చెయ్యిగా దాటాలి. వాక్ చేసేవాళ్లు గోడ పక్క దారి వదిలి లోపల ఉండాలి. తోకకు ఆకుపచ్చ రిబ్బను కడితే కుర్ర గుర్రమని అందరికీ తెలుస్తుంది, కాస్త దూరం ఇస్తారు. ఎర్ర రిబ్బను తన్నే గుర్రానికి. మీకు కనబడితే మీరే దూరం జరగండి.

టెస్టు అరీనా బయట చుట్టూ తిరగడానికి ఒకటి రెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ వ్యవధి అంతా జడ్జి ఉన్న చోటు చూపించడానికే వాడండి. బయటి అరీనాల్లో జడ్జి సి దగ్గర కారులో కూర్చుంటారు, గంటకు బదులు హారను కొడతారు. ఇంట్లో పదిసార్లు హారను కొట్టి, వెంటనే ముందుకు కదలడం నేర్పి ఉంటే ఆ క్షణం గడిచిపోతుంది. ఇండోర్ అయితే అద్దాలు, గుడిసె లాంటి జడ్జి పెట్టె, పూలకుండీలు. రెండు వైపుల నుంచీ దాటించండి, ఎందుకంటే ఎడమ కంటితో చూసిన కుండీని కుడి కంటితో చూసినప్పుడు మళ్లీ బెదరవచ్చు. గంట మోగాక లోపలికి రావడానికి 45 సెకన్లు ఉంటాయి. తొందరేం లేదు.

లోపల మీరు మాట్లాడకూడదు. నాలుకతో చప్పుడు చేసినా ఆ కదలికకు రెండు మార్కులు పోతాయి. వార్మప్‌లో మాటతోనే గుర్రాన్ని నడిపే అలవాటు ఉంటే ఇంట్లోనే మాన్పించండి. ప్రిలిమ్‌లో టెస్టును పక్కనుంచి చదివించుకోవచ్చు. చదివేవాళ్లు ఒక కదలిక ముందుండాలి, రాసినదే చదవాలి, వాళ్లు తప్పు చదివినా లెక్క మీ మీదే. కనుక కంఠతా పట్టడం మానవద్దు. దారి తప్పితే జడ్జి గంట కొడతారు. ఆగి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో విని, అక్కడి నుంచి సాగండి. మొదటి తప్పుకు 2 మార్కులు, రెండో తప్పుకు 4, మూడోదానికి ఎలిమినేషన్. మొత్తం 240 మార్కుల టెస్టులో 2 మార్కులంటే ఒక శాతం కన్నా తక్కువ. దానికి గాభరా పడి పగ్గాలు బిగిస్తే పోయేది అంతకు నాలుగింతలు. బెదిరినా అంతే, ఒక కదలిక మార్కు పోయింది, తర్వాతి గడి ఖాళీగా ఉంది. కానీ నాలుగు కాళ్లూ బోర్డులు దాటి బయటపడితే, లేదా 20 సెకన్లకు మించి మొండికేస్తే, లేదా కుంటితే ఆట అక్కడితో ఆగుతుంది. కుర్ర గుర్రాల్లో కుంటు అనిపించే ఎగుడుదిగుడు లయ కొన్నిసార్లు పగ్గం బిగువు వల్ల కూడా వస్తుంది. జడ్జికి తేడా చూడడం కష్టం, గంట కొడతారు. వాదించకుండా ఇంటికి తీసుకెళ్లి వైద్యుడికి చూపించండి.

షీటు చేతికి వచ్చాక శాతం చూసి పక్కన పడేయవద్దు. మూడు షీట్లు పక్కపక్కన పెట్టి ఒకే మాట ఎక్కడెక్కడ వచ్చిందో గీత గీయండి. ‘తొందర’ అని పదేపదే ఉంటే గుర్రం ముందు కాళ్ల మీద బరువు వేసి పరిగెడుతోంది. ఆపడానికి ప్రయత్నించవద్దు, మార్పులు పెంచండి, ట్రాట్‌లో మీరు పైకి లేచే లయను మీరే నెమ్మది చేయండి. ‘ఇంకా చురుకు కావాలి’ అని ఉంటే చాలాసార్లు అది బద్ధకం కాదు, రౌతు జాగ్రత్త పడి పగ్గం పట్టుకున్నందువల్ల వచ్చింది. ‘తల వాలుతోంది’ అంటే బయటి పగ్గం లేదు, లేదా పైన చెప్పిన పళ్లు. ‘చేతికి ఎదురు తిరిగింది’ అని మార్పుల దగ్గరే ఉంటే తయారీ లేకుండా అడుగుతున్నారు. మూడు అంగల ముందు సగం బిగించి వదలడం అలవాటు చేసుకోవాలి.

నోవిస్‌కు ఎప్పుడు? వేర్వేరు జడ్జీల దగ్గర మూడు షీట్లలో 65 దాటి, ఎక్కడా 5 కన్నా తక్కువ లేకుండా, కాంటర్ మార్పులకు ఆరున్నరలు పడినప్పుడు. నోవిస్‌లో కొత్తగా వచ్చేవి ట్రాట్‌లో 10 మీటర్ల వలయాలు, కాంటర్‌లో 15 మీటర్లవి, కొన్ని మీడియం (మామూలు కన్నా పొడుగు) అంగలు, పగ్గం ముందుకిచ్చి తిరిగి తీసుకోవడం. ఐదేళ్ల గుర్రం మీడియం అంటే పరిగెత్తడమని అర్థం చేసుకుంటుంది. నాలుగు అంగలు పెద్దవి చేసి, పరుగయ్యే లోపే తగ్గించడం నేర్పితే చాలు. ముందు చూసుకోవాలంటే నోవిస్ టెస్టును హెచ్‌సీగా, అంటే పోటీ లెక్కలోకి రాకుండా, నడపండి. షీటు వస్తుంది, పాయింట్లు రావు.

రేసుల నుంచి వచ్చిన గుర్రంతో హైదరాబాద్, బెంగళూరు రైడింగ్ స్కూళ్లలో మొదలుపెట్టేవాళ్లు ఇది చదువుతుంటే, పై లెక్కల్లో వయసును కాదు, జీను కింద కొత్త పని మొదలై ఎన్నాళ్లయిందో చూడండి. జనం, మైకు, లారీ అలవాటే గానీ, పగ్గం మీద వాలి పరిగెత్తడం నేర్చిన గుర్రానికి పగ్గం మెత్తగా పట్టుకోవడం నేర్పడానికి ఒక ఏడాది పడుతుంది.

యంగ్ హార్స్ క్లాసుల్లో జడ్జీలు కదలికలకు విడివిడిగా కాదు, వాక్, ట్రాట్, కాంటర్, విధేయత, ముందు ముందు ఏమవుతుందన్న అంచనా, వీటికి పది చొప్పున మార్కులు వేస్తారు. అక్కడికి వచ్చేవి ఎక్కువగా దానికోసమే పెంచిన గుర్రాలు, నడిపేవాళ్లు వృత్తి రౌతులు. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య) ఐదేళ్ల టెస్టు దాదాపు ఎలిమెంటరీ (నోవిస్‌కు పై మెట్టు) స్థాయి. వార్మప్‌లోనే బిగుసుకునే గుర్రాన్ని ఈ ఏడాది దాంట్లోకి తోస్తే దానికి రాని కదలికలను బలవంతంగా రాబట్టాల్సి వస్తుంది. నడక ఏడున్నర, ఎనిమిది స్థాయిదని ఇద్దరు ముగ్గురు జడ్జీలు షీట్ల మీద రాస్తే వచ్చే ఏడాది ఆరేళ్ల క్లాసు గురించి మీ కోచ్‌ను అడగండి. రాయకపోతే అదేం లోటు కాదు, మామూలు క్లాసుల్లో ప్రిలిమ్ నుంచి ఎలిమెంటరీ దాకా రెండు మూడేళ్లు హాయిగా గడుస్తాయి, ప్రాంతీయ ఛాంపియన్‌షిప్‌లకు అర్హత కూడా ఆ దారిలోనే వస్తుంది. ఈ నెలలో చేయాల్సింది పాస్‌పోర్టులో టీకా తేదీలు చూడడం, దంతవైద్యుడికి ఫోను చేయడం, 20×60 అరీనా ఉన్న చోట రెండు ప్రిలిమ్ టెస్టులకు ఎంట్రీ పంపడం. ఎంట్రీలు పోటీకి చాలా ముందే మూసేస్తారు, ఆఖరి తేదీ షెడ్యూల్లో చూసుకోండి.